డీజిలింజను ఊ కొట్టదు

మంగళవారం పొద్దున్న దాలినాయుడి ఎడమకాలు ఇంట్లో లేదు.

మంచం మీద అది ఉండాల్సిన చోట లుంగీ పల్చగా పడి ఉంది. నొప్పి లేదు, నెత్తురు లేదు. తొడ దగ్గర చర్మం నున్నగా మూసుకుపోయి ఉంది. గుమ్మం దగ్గర చెప్పుల జతలో ఎడమది కూడా లేదు. అంటే కాలు కంగారుగా పారిపోలేదు, తీరిగ్గా చెప్పు తొడుక్కుని మరీ వెళ్ళింది. దాలినాయుడికి అన్నిటికన్నా ఆ సంగతే గుచ్చుకుంటుంది.

ముందు అనుమానం పుట్టి ఆ తర్వాత దాలినాయుడు పుట్టాడని నర్సీపట్నం జీపు స్టాండులో చిన్నా పెద్దా అందరూ అంటారు. ఇరవై ఆరేళ్ళుగా వంజరమెట్ట కొండెక్కే ఘాటీ రోడ్డు మీద జీపు తోలుతున్నాడు. పాలు పోయించుకుంటే చెంబులో వేలు ముంచి చూస్తాడు. డీజిలు కొట్టించుకుంటే చుక్క అరచేతిలో వేసుకుని వాసన చూస్తాడు. గోడ గడియారం చెప్పిన టైము నిజమో కాదో చేతి గడియారాన్ని అడుగుతాడు. అలాంటి మనిషి కాలు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయిందంటే ఇక చూసుకోండి.

గోడ పట్టుకుని గెంతుతూ పెరట్లోకి వస్తాడు. అక్కడ అతని పెళ్ళాం నూకరత్నం గోనెసంచిలో అల్యూమినియం గిన్నెలు సర్దుతోంది. కొండ మీద సంతల్లో గిన్నెలమ్మడం ఆవిడ పని.

"కాలు కనబడ్డం లేదే," అంటాడు దాలినాయుడు.

"ఎల్లిపోయింది మావా. తెల్లారగట్ల నాతో సెప్పే ఎల్లింది."

"నా కాలు నాతో సెప్పకుండా నీతో సెప్పడమేటి?"

"నీతో సెప్తే ఎక్కడికి, ఎందుకు, ఎవలతోటి అని అడుగుతావంట. ఇన్నేళ్ళూ క్లచ్చి తొక్కీ తొక్కీ అలిసిపోయాను, దాని మీద నీ పెనిమిటి అడిగినవాటికి జవాబు సెప్పే ఓపిక లేదంది."

దాలినాయుడు ఒంటికాలి మీద నిలదొక్కుకుంటాడు. "ఎవలతోటి ఎల్లింది?" అని అడుగుతాడు.

నూకరత్నం సంచి మూతి తాడేసి బిగిస్తుంది. ఆవిడకి కోపం రాదు. కోపం ఎప్పుడో అరిగిపోయింది, ఇప్పుడున్నది విసుగు కూడా కాదు.

ఆవిడకున్న ఒకే ఒక్క సరదా సంత నుంచి వచ్చాక అన్నం తింటూ ఆ రోజు చూసిందేదో కథలా చెప్పుకోవడం. కథ చెప్పేవాళ్ళకి ఎదుట ఊ కొట్టేవాళ్ళు కావాలి. దాలినాయుడు ఊ కొట్టడు. "సంతలో ఒక తాత కోడిపుంజుకి కళ్ళజోడు పెట్టాడు మావా," అని ఆవిడ మొదలెడితే, "ఏ తాత? నీకెలా తెలుసు? నువ్వక్కడ ఎంతసేపున్నావు?" అంటాడు. కథ అక్కడే చచ్చిపోతుంది. అలా సగంలో ఆగిపోయిన కథలు వాళ్ళింటి అటక మీద నిండిపోయి ఉన్నాయి. వానాకాలంలో అవి కదులుతుంటే ఎలుకలనుకుని దాలినాయుడు బోను పెడతాడు.

అడగడంతో ఆగినా బాగుండేది. మూడుసార్లు వేరేవాళ్ళ జీపెక్కి, వెనక సీట్లో మొహం మీద తువ్వాలు కప్పుకుని, సంతదాకా వెళ్ళి పెళ్ళాన్ని కనిపెట్టి వచ్చాడు. ఆవిడకి తెలియదనుకుంటున్నాడు.

"శనివారం వంజరమెట్ట మీద సంత," అంటుంది నూకరత్నం సంచి నెత్తికెత్తుకుంటూ. "పొద్దు కొండెనక్కి దిగిపోయే లోపు నీ బండి నువ్వే తోలుకుని రా. అందరూ సూస్తుండగా రా. వస్తే నీతో దిగుతాను. ఎవడి జీపులోనో తువ్వాలు కప్పుకుని వచ్చావా, నాకోసం రానట్టే, నన్ను కనిపెట్టడానికొచ్చినట్టే. అప్పుడింక అక్కడే, తోడబుట్టిన మా యప్ప కాడ ఉండిపోతాను. మరి కిందికి దిగను."

"ఒంటికాలితో క్లచ్చెలా తొక్కుతానే?"

"ఏమో మావా. నన్నయితే అడగమాక," అనేసి వెళ్ళిపోతుంది.

ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది. అటక మీద కూడా చప్పుడు లేదు. నూకరత్నం అన్న మాట అంటే వెనక్కి తీసుకునే మనిషి కాదని దాలినాయుడికి తెలుసు. అనుమానం ఎంతున్నా ఆవిడ లేని ఇల్లు అతనికి అక్కర్లేదు. భయమేస్తుంది. అంత భయం అతనికి ఘాటీ మీద బ్రేకులు పోయినప్పుడు కూడా వెయ్యలేదు.

కర్ర ఒకటి చంకలో పెట్టుకుని కొండబాబు షెడ్డుకి వెళతాడు. ఘాటీ ఎక్కే బళ్ళన్నిటికీ మేస్త్రీ కొండబాబే. పదేళ్ళ కిందట దాలినాయుడి జీపులో పెట్రోలింజను తీసేసి పాత గూడ్సు వేను డీజిలింజను ఎక్కించింది కూడా ఆయనే. జీపు ఆ షెడ్డులోనే ఉంది. దాలినాయుడు దాన్ని ఆదివారం సాయంత్రం ఇంటి ముందు పెట్టాడు, అయినా ఇప్పుడు షెడ్డులో ఉంది.

షెడ్డు ఈ వేళ బాగా పొడుగ్గా ఉంది. గుమ్మంలోంచి చూస్తే అవతలి చివర కొండబాబు బీడీ అంత కనిపిస్తున్నాడు. దాలినాయుడు గెంతడం మొదలెడతాడు. రేకుల కప్పు కింద ఎంత గెంతినా జీపు దగ్గర పడదు. దారిలో రెండుసార్లు కూర్చుని నీళ్ళు తాగుతాడు. చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది.

"షెడ్డు పెంచావేటి మేస్త్రీ?"

"నేను పెంచలేదు నాయుడూ. నమ్మకం లేనోళ్ళకి ఇది కాస్త దూరంగా ఉంటాది. బేగి ఒచ్చావులే, ఒకడు మొన్న బయల్దేరి ఇంకా దారిలోనే ఉన్నాడు."

దాలినాయుడు లుంగీ పక్కకి జరిపి సంగతి చెబుతాడు. కొండబాబు ఆశ్చర్యపోడు. చేతులు గుడ్డతో తుడుచుకుని, "క్లచ్చి తొక్కే కాలే లేనప్పుడు క్లచ్చి లేని బండే గావాల. ఆటోమేటిక్ గేరుబాక్సు ఏసేద్దాం. గేర్లు అదే మార్చుకుంటాది, నువ్వు కుడికాలితో ఎక్సిలేటరు, బ్రేకూ చూసుకో సాలు," అంటాడు.

వెంటనే షెడ్డు ఫోను తీసి అనకాపల్లి పాత సామాన్ల వాడికి చెప్పేది దాలినాయుడే. కొండబాబు చెబితే మధ్యలో ఏం మాట్లాడుకుంటారోనని అతని బెంగ. "ఆటో గేరుబాక్సొకటి పంపించు," అంటాడు. బుధవారం పొద్దున్న వస్తుంది. టిఫిను కేరియరంత ఉంది. బల్ల మీద పెడితే, పక్కనుంచి ఎవరు చెయ్యెత్తి వెళ్ళినా టక్కుమని కొంచెం పక్కకి జరిగి ఆగుతోంది.

"సేరు ఆటోది పంపించాడు," అంటాడు కొండబాబు. "నువ్వేటని సెప్పావు?"

"ఆటో అన్నాను."

"మరి ఆటోదే గదా పంపిస్తాడు. ఇది పెడితే ఘాటీలో సెయ్యెత్తిన ప్రతి చెట్టు కాడా ఆగుతాది."

అసలుది గురువారం వస్తుంది. ముగ్గురు మోసుకొచ్చి దుప్పటి తీస్తారు. ఒక పెట్రోలు కారులోది. దాలినాయుడు దాని చుట్టూ గెంతుతూ తిరుగుతాడు. ఎవరి కారు? ఇంజనూ ఇదీ ఎందుకు విడిపోయాయి? విడిపోయాక ఇన్నాళ్ళూ ఇది ఎవరి దగ్గరుంది? దీని ముందు సంగతులు తెలిసినవాళ్ళు అనకాపల్లిలో ఎవరైనా ఉన్నారా?

"సంబంధం సూడ్డానికొచ్చావేటి?" అంటాడు కొండబాబు.

"అవును మరి. రేపు తేడా వస్తే ఎవరు జవాబు సెప్తారు?"

"తేడా ఎలాగూ ఉంది. ముందే సెప్తాను ఇను. ఇది పెట్రోలుతో కాపరం సేసొచ్చింది. పెట్రోలుది సన్న గొంతు, పైకంటా లేస్తాది. ఆ పై సుతి ఇనబడితే గాని ఇది గేరు మార్చదు. నీ డీజిలుది బొంగురు గొంతు. ఎంత తొక్కినా అంత పైకి పోదు. లోపల స్ప్రింగులు మార్చి దీని సుతి దించుతాను. అది నా పని. మిగతాది మళ్ళీ సూద్దాం."

ఇంజను బోల్టులొక చోట ఉంటే గేరుబాక్సు కన్నాలింకో చోట ఉన్నాయి. రెండూ నేరుగా కలవవు. మధ్యలో ఒక పళ్ళెం పడాలి. ఇటువైపు కన్నాలు దీనికి, అటువైపు కన్నాలు దానికి సరిపోయేలా. కొండబాబు బల్ల కింద చెయ్యి పెట్టి ఒక స్టీలు పళ్ళెం తీస్తాడు. దాని అంచు మీద చుక్కచుక్కలుగా కొట్టిన అక్షరాలున్నాయి: నూకరత్నం, దాలినాయుడు.

దాలినాయుడు ఆ పళ్ళాన్ని గుర్తుపడతాడు. పెళ్ళికి కొన్నది. రోజూ అన్నం తినేది దాంట్లోనే. పేర్లు కొట్టించింది తనే, పళ్ళెం ఎవరైనా ఎత్తుకుపోతారని.

"ఇది నీ దగ్గరెందుకుంది?" అని అడుగుతాడు.

"నీ పెళ్ళామే సోమవారం తెచ్చిచ్చింది."

"సోమవారమా? నా కాలు పోయింది మంగళవారం. సోమవారమే ఈ పళ్ళెంతో పని పడుద్దని దానికెలా తెలుసు?"

"కాలు కూడా తోటే ఒచ్చింది. అదుగో, ఆ గుమ్మంలో నిలబడింది."

"సోమవారం కాలు నాకే ఉంది మేస్త్రీ."

"నీకూ ఉండొచ్చు. ఇక్కడికైతే ఒచ్చింది," అంటాడు కొండబాబు.

ఈ మాటలో ఎక్కడో మోసముందని దాలినాయుడికి తోస్తుంది. తన పెళ్ళాం, తన కాలు, ఈ మేస్త్రీ, ముగ్గురూ కలిసి తన వెనక ఏదో నడిపిస్తున్నారు. ఒళ్ళు మండిపోతుంది. కానీ శనివారానికి బండి కావాలి. కుడితిలో పడ్డ ఎలకకి కుడితి రుచెలా ఉందో అడిగే తీరికుండదు. నోరు మూసుకుని పళ్ళెం మందం కొలుస్తాడు. దోసె మందం ఉంది. అనుమానమొచ్చి మళ్ళీ కొలుస్తాడు. అప్పడం మందం ఉంది. మూడోసారి కొలవబోతే కొండబాబు చెయ్యి పట్టుకుంటాడు.

"ఒగ్గేయ్ నాయుడూ. కొలిసే కొద్దీ పల్చబడతాది. ముట్టుకోకుండా ఉంటే సాయంకాలానికి బిగించేంత మందం అవుతాది."

దాలినాయుడు వెళ్ళి గోడవైపు తిరిగి కూర్చుంటాడు. సాయంకాలానికి పళ్ళెం రొట్టె మందం అవుతుంది. కన్నాలన్నీ వాటంతటవే పడి ఉన్నాయి. ఇంజనూ గేరుబాక్సూ ఆ పళ్ళానికి చెరోవైపు ఆనుకుని బిగుసుకుంటాయి.

శుక్రవారం బండి స్టార్టు చేస్తారు. మొదటి గేరులో కదులుతుంది. రెండోది పడదు. దాలినాయుడు తొక్కుతాడు, ఇంజను గోలపెడుతుంది, గేరుబాక్సు మాత్రం మొదటి గేరులోనే భీష్మించుకు కూర్చుంటుంది. షెడ్డు చుట్టూ నాలుగు చుట్లు తిరిగినా అంతే. ఈ లెక్కన ఘాటీ సగానికి వెళ్ళేసరికి ఇంజను ఉడికిపోతుంది.

"సుతి దించానన్నావు కదా," అంటాడు దాలినాయుడు.

"సుతి సరిపోయింది. ఇప్పుడున్నది వేరే తగువు. ఇది నీ ఇంజన్ని నమ్మడం లేదు," అంటాడు కొండబాబు. వంగి గేరుబాక్సు పక్కనున్న చిన్న ముక్కు చూపిస్తాడు. "పెట్రోలింజను గాలి పీలుస్తాది సూడు, ఆ పీల్పు ఒక సన్న గొట్టంలోంచి దీనికి అందుతాది. బరువెంతుంది, తొందరెంతుంది, అన్నీ దాన్ని బట్టే తెలుసుకుంటాది. అదే దీనికి ఊ. అటునుంచి ఊ అని ఇనబడితే ఇది రెండో మాట సెప్తాది, మళ్ళీ ఊ అంటే మూడో మాట. డీజిలింజను అలా పీల్చదు. ఊ కొట్టదు. దాని పనేదో అది సేసుకుపోతాది. అవతల ఊ అనేవోడే లేకపోతే కథ ఎవరికి సెప్తాది? అందుకే మొదటి మాట కాడే ఆగిపోయింది."

"డీజిలుకి ఇంక మార్గమే లేదా?"

"ఎందుకు లేదు. డీజిలు బళ్ళకి పీల్పు కోసం పక్కనొక బుల్లి పంపుంటాది. ఊ కొట్టడానికి అద్దెకి పెట్టుకున్న మనిషిలాగ. నీ బండికీ పెట్టాను. ఏదది?"

దాలినాయుడు నేల చూపులు చూస్తాడు. ఆ పంపుని ఆరేళ్ళ కిందట తనే పీకేశాడు. ఇంజను ఆయిలు అది తాగేస్తోందని అప్పట్లో అతని అనుమానం.

"తాగిందా మరి?" అంటాడు కొండబాబు.

"ఏమో. పీకేశాను."

కొండబాబు సన్న రబ్బరు గొట్టం ఒకటి తెచ్చి ఒక కొస గేరుబాక్సు ముక్కుకి తొడుగుతాడు. రెండో కొస జీపు అడుగున కన్నంలోంచి పైకి లాగి డ్రైవరు సీటు దగ్గరికి తెస్తాడు. దాన్ని గుడ్డతో తుడిచి దాలినాయుడి నోటికి అందిస్తాడు.

"అయితే నువ్వే కొట్టు. అది సెప్తాది, నువ్వు ఊ అను. అంతే పని. కానీ ఒకటి గుర్తెట్టుకో. ఊ అను, ఊఁ? అని మాత్రం అనకు. సివర్న తోక లేపావా, గేరు జారిపోతాది. గొట్టం నోట్లోంచి తీసినా జారిపోతాది. కథ కంచికెళ్ళాలంటే నాలుగో గేరు గావాల, మర్చిపోకు."

"అదేటి సెప్తాది?"

"దానికి తెలిసిందే సెప్తాది."

"నా సంగతులు దానికెవరు సెప్పారు?"

"పళ్ళానికి ఆనుకునే ఉంది గదా," అంటాడు కొండబాబు, ఇందులో అడగడానికేముందన్నట్టు.

శనివారం మధ్యాహ్నం దాలినాయుడు ఒక్కడే బయల్దేరతాడు. వంజరమెట్ట ఘాటీకి పదకొండు మలుపులు. కళ్ళు మూసుకుని కూడా తిరగగలడు. తారు మీద ఎండ తెల్లగా పడి ఉంది. మొదటి మలుపు దగ్గర, సీటు కిందనుంచి, గేరుబాక్సు మాట్లాడుతుంది. గిన్నెకి గిన్నె తగిలినప్పుడు వచ్చేలాంటి గొంతు.

"సంతలో ఒక తాత కోడిపుంజుకి కళ్ళజోడు పెట్టాడు," అంటుంది.

ఏ తాత అన్న మాట దాలినాయుడి నాలుక కొసకి వచ్చేస్తుంది. గొట్టం గట్టిగా కొరికి పట్టుకుంటాడు. "ఊ," అంటాడు.

"పుంజు ఆ కళ్ళజోడులోంచి సంతంతా తేరిపార చూసింది."

"ఊ."

"చూసి తాతతో అంది, నాయనా, ఇంతమంది మనుషుల్ని ఎవరు కొంటారు, పద ఇంటికి పోదామని."

దాలినాయుడికి నవ్వొస్తుంది. గొట్టం నోట్లో ఉండగానే నవ్వుతాడు. ఈ కథ చివర వినడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. రెండో గేరు మెత్తగా పడుతుంది. జీపు తేలికై మూడు మలుపులు దాటేస్తుంది.

నాలుగో మలుపులో గేరుబాక్సు ఇంకో కథ ఎత్తుకుంటుంది. "ఒకనాడు సంతలో వానొచ్చింది. గిన్నెలమ్మే ఆవిడ తడిసిపోతోంది. ఒకాయన వచ్చి గొడుగు పట్టాడు."

"ఊఁ?" అంటాడు దాలినాయుడు.

గేరు జారిపోతుంది. జీపు వెనక్కి దొర్లుతుంది. బ్రేకు మీద నిలబడి ఆపేసరికి మళ్ళీ మూడో మలుపు కింద ఉన్నాడు. రోడ్డు పక్క రాయి మీద ఇందాక పదకొండు మలుపులు అని ఉండేది, ఇప్పుడు పన్నెండు అని ఉంది. సున్నం ఇంకా ఆరలేదు.

మళ్ళీ ఎక్కుతాడు. మళ్ళీ వానొస్తుంది. మళ్ళీ ఒకాయన గొడుగు పడతాడు. దాలినాయుడు ఊ అనే అనుకున్నాడు, కానీ నోరు అతని మాట వినదు. "ఎవడు?" అనేస్తాడు. రాయి మీద పదమూడవుతుంది.

పొద్దు వాలుతోంది. చెట్ల నీడలు రోడ్డు దాటి లోయలోకి దిగుతున్నాయి. దాలినాయుడు బండి ఆపి స్టీరింగు మీద తల ఆనించుకుంటాడు. నర్సీపట్నంలో గొడుగులున్న మగాళ్ళందర్నీ ఒక్కొక్కరినే కళ్ళ ముందుకి తెచ్చుకుంటాడు. ఏ ఎండకా గొడుగు పట్టేవాళ్ళంతా గుర్తొస్తారు. అడిగితే ఒకవేళ పేరు తెలుస్తుందేమో. పేరు తెలిసేసరికి రోడ్డుకి ఎన్ని మలుపులుంటాయో ఎవరికి తెలుసు. పేరు జేబులో పెట్టుకుని ఈ రాయి పక్కనే ముసలాడైపోవచ్చు.

అప్పుడు రోడ్డు వారన తన ఎడమకాలు కనిపిస్తుంది. చెప్పు వేసుకుని, తొందరేమీ లేకుండా, కొండ మీదికి నడుచుకుంటూ వెళుతోంది. గట్టు మీద గడ్డి తొక్కకుండా పక్కకి తప్పుకుని మరీ వెళుతోంది. ఇన్నేళ్ళు తనతో ఉండి ఏనాడూ అంత పొందిగ్గా నడవలేదు. దాన్ని పిలిచి నాలుగూ అడగాలని ఉంది. అడగాలంటే నోట్లోంచి గొట్టం తియ్యాలి. దాలినాయుడు తియ్యడు. దాని పక్కనుంచే జీపు పోనిస్తాడు. వెనక మెట్టు మీద ఎవరో ఎక్కినట్టు బండి కొంచెం కుంగి మళ్ళీ లేస్తుంది.

"ఒకాయన వచ్చి గొడుగు పట్టాడు," అంటుంది గేరుబాక్సు మూడోసారి.

దాలినాయుడు గాలి పీలుస్తాడు. ఆ పీల్పు గొట్టంలోంచి కిందికి, పళ్ళెం వెనక ఉన్న చీకట్లోకి దిగడం అతనికి తెలుస్తుంది. "ఊ," అంటాడు. చివర తోక లేదు. గొంతు మాత్రం చిరిగిపోయి ఉంది.

మూడో గేరు పడుతుంది.

"ఆ గొడుగు కింద నిలబడి ఆవిడ జీపులవైపు చూసింది. ఒక జీపు వెనక సీట్లో మొహాన తువ్వాలు కప్పుకుని ఒక మనిషి వానలో తడుస్తున్నాడు."

"ఊ," అంటాడు దాలినాయుడు మెల్లగా.

"ఆవిడ రెండు మిరపకాయ బజ్జీలు కొంది. ఒకటి తను తింది. రెండోది కాయితంలో చుట్టి, ఆ తువ్వాలు మనిషికి ఆకలేస్తుంటాది, ఎవరిచ్చారో సెప్పకుండా ఇచ్చి రమ్మని ఆ గొడుగాయన్నే పంపింది."

ఊ రాదు. ఆ రోజు జీపు చిరుగు పరదా సందులోంచి ఒక చెయ్యి వేడి పొట్లం అందించి వెళ్ళింది. ఎవడో మత్తుమందు పెట్టి ఇచ్చాడనుకున్నాడు. వాసన చూసి, ఘాటీ దిగుతుండగా లోయలోకి విసిరేశాడు. ఇప్పుడు పక్కకి తిరిగి చూస్తే ఆ పొట్లం కనిపిస్తుంది. నాలుగేళ్ళుగా లోయలో ఇంకా పడుతూనే ఉంది. కాయితం ఒక మూల విడిపోయి పొగ వస్తోంది.

ఇంజను బరువెక్కుతుంది. బండి వేగం తగ్గి ఆగిపోబోతుంది. దాలినాయుడు ఏడుస్తాడు. ఏడుస్తూనే "ఊ," అంటాడు. అంత మంచి ఊ అతను జన్మలో అనలేదు. నాలుగో గేరు పడినట్టే తెలియదు. మలుపులు ఎన్ని మిగిలాయో అతను లెక్కపెట్టడు. జీపు నీళ్ళలో పడవలా పైకి పోతుంది.

పైన సంత సర్దేస్తున్నారు. తట్టలు ఎత్తుకుంటున్నారు, తాళ్ళు చుడుతున్నారు. సూర్యుడు సగం కొండ వెనక్కి దిగి, మిగతా సగం దిగకుండా ఆగి ఉన్నాడు. నూకరత్నం తన గోనెసంచి మీద కూర్చుని రోడ్డువైపు చూస్తోంది. పక్కన వాళ్ళప్ప నిలబడి ఉంది.

జీపు అందరి ముందూ వచ్చి ఆగుతుంది. నూకరత్నం లేచి డ్రైవరు సీటు చూస్తుంది, అతని లుంగీ చూస్తుంది, నోట్లో గొట్టం చూస్తుంది.

"నువ్వే తోలుకొచ్చావా మావా?"

దాలినాయుడు తలూపుతాడు.

ఆవిడ అప్ప భుజం తట్టి, సంచి వెనక పడేసి, ముందు సీట్లో కూర్చుంటుంది. చీరకొంగుతో అతని కళ్ళు తుడుస్తుంది, ఎందుకేడ్చావని మాత్రం అడగదు. సూర్యుడు మిగతా సగం దిగిపోతాడు. ఆకాశంలో ఇంకా వెలుతురుంది.

దాలినాయుడు అద్దంలోకి చూస్తాడు. వెనక సీట్లో అతని ఎడమకాలు ఒద్దికగా కూర్చుని ఉంది. దాని మోకాలి మీద నల్ల గొడుగొకటి ముడిచి ఉంది. గొడుగు తడిసి ఉంది. చుక్కలు చుక్కలుగా నీళ్ళు కారుతున్నాయి. కొండ మీద ఎక్కడా వాన లేదు, నెల రోజులుగా లేదు.

అడగాల్సింది నోటినిండా వస్తుంది. ఆ గొడుగెవరిది? ఇచ్చిందెవరు? పట్టిందెవరు, ఏ రోజు, ఎంతసేపు? అద్దంలో తను చూస్తున్నది నూకరత్నం కూడా చూస్తోంది. ఆవిడ చెయ్యి జీపు తలుపు గడియ మీద ఉంది.

దాలినాయుడు గొట్టం నోట్లో సరిగ్గా పెట్టుకుంటాడు.

ఆవిడ గడియ మీదనుంచి చెయ్యి తీస్తుంది. "ఇయ్యాల సంతలో ఏటైందో తెలుసా మావా," అని మొదలెడుతుంది.

"ఊ," అంటాడు దాలినాయుడు.

జీపు కదలదు. ఆపిన ఇంజను మళ్ళీ స్టార్టు చెయ్యనే లేదు. వాళ్ళ కింద, చాలా లోతున, ఏదో పెద్దది మెత్తగా ఒక గేరులో పడుతుంది. కొండ కదులుతుంది. సంతతో సహా, తట్టలెత్తుకున్న మనుషులతో సహా, ఎన్నో తెలియని మలుపులతో సహా వంజరమెట్ట నెమ్మదిగా నర్సీపట్నం వైపు దిగడం మొదలెడుతుంది. మనుషులు తట్టలు దించకుండానే ఒక అడుగు వెడల్పుగా వేసి నిలదొక్కుకుంటారు. కింద ఊళ్ళో కొండబాబు షెడ్డు రెండు తలుపులూ బార్లా తెరుస్తున్నాడు. షెడ్డు ఇప్పుడు కొండకి సరిపడా పొడుగుంది.

నూకరత్నం రెండో మాట చెబుతుంది. వెనక గొడుగులోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

"ఊ," అంటాడు దాలినాయుడు.